ఒక ఓగర్ ఎన్ని గాబ్లిన్లకు సమానం?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఐదో ఎడిషన్ కోసం 2014లో వచ్చిన స్టార్టర్ సెట్‌లో కథ ఇలా మొదలవుతుంది: దారి పక్కన పొదల్లో నాలుగు గాబ్లిన్లు కాచుకుని ఉంటాయి. గాబ్లిన్ అంటే మనిషి నడుము దాటని పొట్టి రాక్షసి. ఒక్కోదానికి 7 హిట్ పాయింట్లు, అంటే ప్రాణాన్ని కొలిచే అంకె; అది సున్నా అయితే పడిపోయినట్టే. కత్తి సరిగ్గా తగిలితే ఒక్క దెబ్బకే పడిపోతుంది. ఎదురుగా నలుగురు వీరులు. నాలుగుకి నాలుగు, చూడటానికి సరిజోడీ. అయినా ఆ మొదటి పోరులోనే పార్టీ, అంటే వీరుల జట్టు, మొత్తం మట్టి కరిచిన కథలు ఈ ఆట ఆడేవాళ్ళ దగ్గర కోకొల్లలు.

పాచికలు కలిసి రాలేదని సరిపెట్టుకోవచ్చు. కానీ ఆ ఆట పుస్తకాల సొంత లెక్క ప్రకారమే, మొదటి లెవెల్ వీరులు నలుగురికి నాలుగు గాబ్లిన్లు 'డెడ్లీ' కోవలోకి వస్తాయి, అంటే ప్రాణాలు పోయే రకం. ఒక్కో గాబ్లిన్ విడిగా చూస్తే పిల్లకాకి. నాలుగు కలిసేసరికి లెక్క ఎందుకు మారుతుంది? రాక్షసుల తయారీలో ఉన్న గణితమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళలో ఒకరు డంజన్ మాస్టర్, వాడుకలో డీఎం. కథ నడిపేది, రాక్షసుల తరఫున పాచికలు వేసేది డీఎమ్మే. మిగతావాళ్ళు తలా ఒక వీరుడిని ఆడతారు. కొట్టాలంటే 20 ముఖాల పాచిక వేసి, దానికి తమ బోనస్ కలపాలి. వచ్చిన మొత్తం ఎదుటివాడి ఏసీకి సమానమైనా, మించినా దెబ్బ తగిలినట్టు. ఏసీ అంటే ఇక్కడ ఆర్మర్ క్లాస్, ఎండాకాలం కరెంటు బిల్లుతో సంబంధం లేదు. తగిలాక ఇంకో పాచిక వేసి ఎంత దెబ్బో తేల్చి, హిట్ పాయింట్లలోంచి తీసేస్తారు. రాక్షసి వివరాలన్నీ అరపేజీ పెట్టెలో ఇస్తారు. దాన్నే స్టాట్ బ్లాక్ అంటారు.

ఆ పెట్టెలో హిట్ పాయింట్ల పక్కన ఒక చిన్న సూత్రం ఉంటుంది. గాబ్లిన్‌కి 2డి6, అంటే రెండు ఆరు ముఖాల పాచికలు. ఒక్కో పాచిక సగటు 3.5 కాబట్టి మొత్తం 7. ఓగర్ అనే భారీకాయపు రాక్షసికి 7డి10+21. పది ముఖాల పాచిక సగటు 5.5, ఏడుంటే 38.5, దానికి 21 కలిపితే 59.5, అర వదిలేస్తే 59. ఎన్ని ముఖాల పాచిక వాడాలో ఒంటి సైజు చెబుతుంది: చిన్నవాటికి ఆరు, మనిషంత వాటికి ఎనిమిది, ఓగర్ లాంటి పెద్దవాటికి పది, ముదిరిన డ్రాగన్లకు పన్నెండు, అంతకన్నా కొండంత వాటికి ఇరవై. ఆ +21 ఎక్కడిదంటే, ఓగర్ దేహదారుఢ్యం బోనస్ 3, దాన్ని ఏడు పాచికలతో హెచ్చవేశారు. ఎర్ర డ్రాగన్‌కి 19డి12+133, సగటు 256. టరాస్క్ అనే మహా భూతానికి 33డి20+330, అంటే 676. పేజీలో ఇవన్నీ ఊరికే పడేసిన అంకెల్లా కనిపిస్తాయి. ఒక్కసారి విప్పి చూస్తే మాత్రం వెనకాల ఒకటే ఎక్కం.

స్టాట్ బ్లాక్‌లో ఎన్ని గళ్ళున్నా పోరాటానికి పనికొచ్చే విషయాలు రెండే. ఆ రాక్షసి ఎంతసేపు నిలబడుతుంది? నిలబడినంత సేపు ఒక్కో రౌండ్‌కి, అంటే అందరి వంతులూ ఒకసారి పూర్తయ్యేలోపు, ఎంత దెబ్బ కొడుతుంది? మొదటిదాన్ని రెండోదానితో హెచ్చవేస్తే, చచ్చేలోపు వీరులకు అది మిగిల్చే మొత్తం నష్టం వస్తుంది.

గాబ్లిన్‌నీ ఓగర్‌నీ ఈ కాటాలో వేద్దాం. వీరుడి దాడి బోనస్ +5, ఏసీ 16 అనుకుందాం. గాబ్లిన్ ఏసీ 15, కాబట్టి వీరుడి కత్తి 55 శాతం సార్లు తగులుతుంది. ఓగర్ ఏసీ 11, దానికి 75 శాతం సార్లు తగులుతుంది. 7ని 0.55తో భాగిస్తే 12.7. 59ని 0.75తో భాగిస్తే 78.7. తప్పిపోయే దెబ్బలు కూడా కలుపుకున్న అసలు ఆయుష్షు అది. ఇక అవి కొట్టేది. గాబ్లిన్ +4తో 45 శాతం సార్లు తగిలిస్తుంది, తగిలితే సగటు 5.5, కాబట్టి దాడికి దాదాపు 2.5. ఓగర్ +6తో 55 శాతం సార్లు తగిలిస్తుంది, తగిలితే సగటు 13, కాబట్టి దాడికి 7.15. హెచ్చవేస్తే గాబ్లిన్‌కి సుమారు 31, ఓగర్‌కి సుమారు 563. ఓగర్ అంటే 18 గాబ్లిన్లన్నమాట.

అలాగని 18 గాబ్లిన్లను ఒకేసారి దింపితే ఓగర్‌తో సరితూగుతుందా? తూగదు, అంతకన్నా ఘోరంగా ఉంటుంది. ఎందుకంటే గాబ్లిన్లు వంతులవారీగా వచ్చి చావవు. మొదటిదాన్ని చంపుతున్నంత సేపూ మిగతా పదిహేడూ కొడుతూనే ఉంటాయి.

రెండు గాబ్లిన్లుంటే, మొదటిది చచ్చేవరకు ఇద్దరి దెబ్బలు పడతాయి, ఆ తర్వాత ఒకదానివి. ఒక గాబ్లిన్ మిగిల్చే నష్టాన్ని 1 అనుకుంటే ఇక్కడ 2+1, అంటే 3. మూడుంటే 3+2+1, అంటే 6. నాలుగుంటే 10. హైస్కూల్లో చదువుకున్న ఎన్ ఇంటూ ఎన్ ప్లస్ వన్ బై టూ ఇదే. సంఖ్య రెట్టింపైతే నష్టం రెట్టింపుతో ఆగదు, దాదాపు నాలుగు రెట్లకు పోతుంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు సైన్యాల గురించి రాసిన వర్గ సూత్రానిదీ ఇదే వరస: దూరం నుంచి కాల్చుకునే సేనల బలం వాటి సంఖ్య వర్గంతో పెరుగుతుంది. యుద్ధ క్రీడల గదుల్లో పుట్టిన ఆటకి యుద్ధాల సూత్రం అతకడంలో వింత లేదు.

ఈ సూత్రాన్ని 2014 నాటి డంజన్ మాస్టర్ పుస్తకం పక్కన పెట్టి చూడాలి. ప్రతి రాక్షసికీ ఒక ఎక్స్‌పీ విలువ, అంటే దాన్ని ఓడిస్తే వచ్చే అనుభవ పాయింట్లు, ఉంటుంది, గాబ్లిన్‌కి 50, ఓగర్‌కి 450. ఒకటికన్నా ఎక్కువ వస్తే మొత్తాన్ని ఒక గుణకంతో హెచ్చవేయమని పుస్తకం చెబుతుంది. రెండుంటే 1.5, మూడు నుంచి ఆరు వరకు 2, ఏడు నుంచి పది వరకు 2.5, అలా పదిహేనూ ఆపైన ఉంటే 4 వరకు. పై లెక్కలో ఎన్ రాక్షసులకు రావలసిన గుణకం ఎన్ ప్లస్ వన్ బై టూ. రెండుకి 1.5, మూడుకి 2. అచ్చంగా పుస్తకం ఇచ్చిన అంకెలే. నాలుగు దగ్గర్నుంచి పుస్తకం వెనక్కి తగ్గుతుంది. ఎనిమిదికి సూత్రం 4.5 అంటే పుస్తకం 2.5తో సరిపెడుతుంది.

ఆ తగ్గింపుకీ కారణాలు కనిపిస్తాయి. ఇరుకు సందులో ఎనిమిది గాబ్లిన్లూ ఒకేసారి కత్తి ఊపలేవు. పైగా ఐదో లెవెల్ మాంత్రికుడి చేతిలో ఫైర్‌బాల్ ఉంటుంది, ఎనిమిది పాచికల నిప్పు, సగటు 28. గాబ్లిన్లు తప్పించుకుని సగం దెబ్బే తిన్నా 14. ఏడు హిట్ పాయింట్ల ప్రాణికి అది రెండు చావులు. అన్నీ ఒకే క్షణంలో పోతే ఒకదాని తర్వాత ఒకటి చచ్చే మెట్ల లెక్కే ఉండదు.

మన తూకానికి వస్తే, ఓగర్ 18 అన్నాం. ఐదు గాబ్లిన్లు కలిస్తే 15, ఆరు కలిస్తే 21. అంటే ఒక ఓగర్ ఐదారు గాబ్లిన్లకు సమానం. పుస్తకం ఏమంటోంది? ఐదు గాబ్లిన్లకు 250, గుణకం 2తో 500. ఓగర్‌కి 450. రెండు దారుల్లో వెళ్ళినా ఇంచుమించు ఒకే ఊరికి చేరాం. మొదట్లో చెప్పిన నాలుగు గాబ్లిన్ల సంగతీ ఇక్కడే తేలుతుంది: 200 ఇంటూ 2, మొత్తం 400. మొదటి లెవెల్ వీరుడికి డెడ్లీ హద్దు తలకి 100, నలుగురికి 400. గీత మీద సరిగ్గా పాదం పెట్టినట్టు.

ఎక్స్‌పీ పట్టిక ఇంత చక్కగా నడిస్తే, దాని పక్కనే ఉన్న చాలెంజ్ రేటింగ్ సూత్రం కుంటుతుంది. సీఆర్ అంటే రాక్షసి స్థాయి. విశ్రాంతి తీసుకుని సరైన ఆయుధాలతో ఉన్న నలుగురు వీరులు తమ లెవెల్‌కి సమానమైన సీఆర్ ఉన్న రాక్షసిని ప్రాణనష్టం లేకుండా ఓడించగలగాలి అన్నది ఆలోచన. సొంతంగా రాక్షసిని తయారు చేసుకునే డీఎం కోసం పుస్తకం ఒక పద్ధతి ఇచ్చింది. హిట్ పాయింట్లను బట్టి రక్షణ సీఆర్ చూసి, ఏసీ ఎక్కువో తక్కువో అయితే ఒక మెట్టు సవరించాలి. మూడు రౌండ్లలో సగటున కొట్టే దెబ్బను బట్టి దాడి సీఆర్ చూసి, దాడి బోనస్‌ను బట్టి సవరించాలి. చివరికి రెండింటి సగటు.

ఓగర్‌ని ఈ గాలింపులో వేస్తే 59 హిట్ పాయింట్లకు సీఆర్ అర, ఏసీ తక్కువ కాబట్టి పావుకి దిగుతుంది. 13 దెబ్బకు సీఆర్ 1, దాడి బోనస్ ఎక్కువ కాబట్టి 2కి ఎక్కుతుంది. పావుకీ రెండుకీ సగటు ఒకటికి కాస్త పైన. సూత్రం ప్రకారం ఓగర్ సీఆర్ 1. అదే కంపెనీ అచ్చువేసిన రాక్షసుల పుస్తకంలో మాత్రం దాని సీఆర్ 2. తమ సూత్రంలో తమ ఓగరే ఇమడలేదు. ఈ నాలుగు అంకెల వరకే చూస్తే గాబ్లిన్ మాత్రం బుద్ధిగా ఎక్కడుండాలో అక్కడే, పావు దగ్గరే కూర్చుంటుంది.

సగటు తీయడంలోనే ఉంది చిక్కు. ఆయుష్షు, దెబ్బ ఒకదాన్నొకటి హెచ్చవేసుకునే అంకెలు. వెయ్యి హిట్ పాయింట్లుండి ఎవరినీ కొట్టని బండరాయికి సగటు ప్రకారం గొప్ప సీఆర్ వస్తుంది. హెచ్చవేతలో వచ్చేది సున్నా. ఆటలో కూడా దాని వల్ల వచ్చే ప్రమాదం సున్నాయే. రెండు వైపులా ఒకే స్థాయిలో ఉన్న రాక్షసులకు సగటు పనిచేస్తుంది, ఏదో ఒక వైపు ఒరిగినవాటి దగ్గర బోల్తా కొడుతుంది. ఆసక్తికరమైన రాక్షసులన్నీ ఒక వైపు ఒరిగినవే కావడం ఆ సూత్రం దురదృష్టం.

హెచ్చవేత ఇంకో మాట కూడా చెబుతుంది, అది ప్రమాదం గురించి కాదు, విసుగు గురించి. హిట్ పాయింట్లు సగం చేసి, దెబ్బ రెట్టింపు చేస్తే లబ్ధం మారదు. ప్రమాదం అంతే ఉంటుంది కానీ పోరాటం సగం సేపట్లో అయిపోతుంది. 2008లో వచ్చిన నాలుగో ఎడిషన్ ఈ పాఠం ఖరీదు చెల్లించి నేర్చుకుంది. అందులో పెద్ద రాక్షసులు ఎంత నరికినా తరగని చెట్ల లాంటివి. చేతులు నొప్పెట్టేదాకా పాచికలు వేయడమే, టెన్షన్ ఉండేది కాదు. 2010లో వచ్చిన మూడో రాక్షసుల పుస్తకం నుంచి దెబ్బ పెంచారు. ఆ తర్వాత మామూలు రాక్షసి లెక్కలు విజిటింగ్ కార్డు మీద పట్టేంత సులువయ్యాయి: ఏసీ అంటే లెవెల్‌కి 14 కలపాలి, దాడికి 5, దెబ్బకు 8. అదే ఎడిషన్‌లో మినియన్ అనే రకం ఉండేది, ఒకే ఒక్క హిట్ పాయింట్, తగిలితే చావే. గుంపు భయం కావాలి, లెక్కల బరువు వద్దు అనుకునేవాళ్ళకు అంత తెలివైన ఉపాయం మళ్ళీ రాలేదు.

ఐదో ఎడిషన్ ఇంకో దారి తీసుకుంది. వీరుడి ప్రావీణ్య బోనస్ ఇరవై లెవెళ్ళలో +2 నుంచి +6 వరకే పెరుగుతుంది. రాక్షసుల ఏసీ కూడా అంతే మెల్లగా కదులుతుంది, టరాస్క్ ఏసీ కూడా 25 దగ్గరే ఆగింది. అంటే ఎదుగుదలంతా హిట్ పాయింట్లలోకీ దెబ్బలోకీ పోతుంది, తగిలే అవకాశం మాత్రం పెద్దగా మారదు. దీనివల్ల పదో లెవెల్ వీరుడికి కూడా ఇరవై గాబ్లిన్లు ఆటబొమ్మలు కావు, వాటి బాణాలు ఇంకా తగులుతూనే ఉంటాయి. గుంపు లెక్క ఈ ఎడిషన్‌లో ఇంత ముఖ్యమైంది అందుకే.

గుంపుకి అటు చివర ఒంటరి డ్రాగన్ ఉంటుంది. ముదిరిన ఎర్ర డ్రాగన్ సీఆర్ 17. అది ఒక్కటే, దానికి వంతూ ఒక్కటే. ఎదుట నలుగురికి నాలుగు వంతులు. ఎవరైనా మంత్రంతో దాన్ని ఒక రౌండ్ కదలకుండా చేస్తే దాని దాడి సున్నా, సున్నాతో ఏది హెచ్చవేసినా సున్నాయే. నాలుగు గాబ్లిన్లలో ఒకదాన్ని నిద్రపుచ్చితే మూడు మిగులుతాయి, ఒక్క డ్రాగన్‌ని నిద్రపుచ్చితే ఏమీ మిగలదు. అందుకే దానికి రెండు కవచాలు ఇచ్చారు. మంత్రాల్లాంటివి తప్పించుకోవడానికి వేసే రక్షణ పాచిక విఫలమైతే, రోజుకి మూడుసార్లు దాన్ని 'తప్పించుకున్నాను' అని మార్చుకోవచ్చు. ఇతరుల వంతులు ముగిసిన చోట రౌండ్‌కి మూడు అదనపు చర్యలు చేయవచ్చు. వీటిని చూసి డ్రాగన్ గొప్పతనం అనుకుంటారు కానీ, నిజానికివి ఒంటరితనానికి ఇచ్చిన నష్టపరిహారం.

డ్రాగన్ నిప్పు శ్వాస లెక్క ఇంకా జారుడు. సగటు 63 దెబ్బ. ఒకసారి ఊదాక, ప్రతి వంతు మొదట్లో ఆరు ముఖాల పాచిక వేస్తారు, 5 గానీ 6 గానీ పడితే మళ్ళీ సిద్ధం. అంటే మూడింట ఒక వంతు అవకాశం. నాలుగు వంతులు వరసగా రాకపోవడానికి 81లో 16, ఇరవై శాతం. సీఆర్ సూత్రం ఆ నిప్పులో ఇద్దరు చిక్కుకుంటారని ఊహించి 126 రాసుకుంటుంది. వీరులు నలుగురూ పెళ్ళి ఫోటోకి నిలబడ్డట్టు ఒకే చోట గుమికూడితే ఆ అంకె 252 అవుతుంది. రాక్షసి సీఆర్‌లో సగం వీరులు నిలబడే తీరులో ఉంది, దాన్ని ఏ స్టాట్ బ్లాకూ ముద్రించలేదు.

ట్రోల్ సంగతి వేరు. 84 హిట్ పాయింట్లు, ప్రతి వంతుకీ 10 తిరిగి పూడుకుంటాయి, నిప్పో యాసిడో తగిలితేనే ఆ పూడిక ఆగుతుంది. పార్టీ రౌండ్‌కి 30 దెబ్బ కొడితే, మూడు రౌండ్లలో కూలాల్సింది నాలుగు పడుతుంది, పెద్ద తేడా లేదు. అదే 15 కొట్టే పార్టీకి ఆరు రౌండ్ల పని పదిహేను అవుతుంది. 10 కొట్టేవాళ్ళకు తెల్లారినా అవ్వదు. సీఆర్ సూత్రం మాత్రం అందరికీ ఒకటే చెబుతుంది, ఆ పదిని మూడుతో హెచ్చవేసి 30 కలపమంటుంది.

బ్లాక్ పుడ్డింగ్ అనే నల్లటి జిగట ముద్దని కత్తితో నరికితే రెండు ముక్కలవుతుంది, ఒక్కో ముక్కకి సగం ప్రాణం, దెబ్బ మాత్రం పూర్తిగా. మొత్తం ప్రాణం పెరగలేదు కదా అనిపిస్తుంది. మెట్ల లెక్క వేస్తే రెండు ముక్కల నష్టం ఒకటిన్నర రెట్లు, నాలుగు ముక్కలైతే రెండున్నర రెట్లు. మళ్ళీ అదే ఎన్ ప్లస్ వన్ బై టూ. రక్తబీజుడి కథ తెలిసినవాళ్ళకి ఇది కొత్తగా ఉండదు, ఆ కథలో ప్రతి చుక్కకీ పూర్తి ప్రాణంతో ఇంకో రాక్షసుడు లేస్తాడు కాబట్టి అక్కడి లెక్క ఇంకా భయంకరం. కాళి రక్తం నేల మీద పడకుండా తాగేసినట్టే, ఇక్కడ తెలివైన వీరుడు కత్తి పక్కన పడేసి దుడ్డుకర్ర అందుకుంటాడు.

కొన్ని రాక్షసులు అసలు హిట్ పాయింట్ల నాణెంలోనే లావాదేవీ చేయవు. షాడో అనే నీడ సీఆర్ అర, 16 హిట్ పాయింట్లు. తాకినప్పుడల్లా దెబ్బతో పాటు బలం అంకెలోంచి ఒకటి నుంచి నాలుగు తీసేస్తుంది, బలం సున్నా అయితే చావు. కండలున్న యోధుడికి అది చికాకు. బలం 8 ఉన్న మాంత్రికుడు ఎన్ని హిట్ పాయింట్లు కూడబెట్టుకున్నా సగటున మూడు నాలుగు తాకిళ్ళలో పోతాడు, దురదృష్టం ఉంటే రెండింటికే. పదో లెవెల్‌లో కూడా ఆ 8 ఎనిమిదే.

ఇంతవరకూ చెప్పినవన్నీ సగటులు. మొదటి లెవెల్‌లో సగటుని నమ్ముకోవడం ప్రమాదం. 8 హిట్ పాయింట్లు, ఏసీ 12 ఉన్న మాంత్రికుడి మీదకి రెండు గాబ్లిన్లు చెరో బాణం వేశాయనుకోండి. రెండూ తగిలే అవకాశం 42 శాతం, తగిలితే పడిపోవడం దాదాపు ఖాయం. ఒక్కటే తగిలినా ఆరింట ఒకసారి పడిపోతాడు. క్రిటికల్ దెబ్బలు, అంటే పాచికలో 20 పడితే వచ్చే పెద్ద దెబ్బలు, పక్కన పెట్టినా మొత్తం 46 శాతం. ఆటగాడికి ఒక్క వంతు రాకముందే, బొమ్మా బొరుసూ వేసినంత పందెం. అదే మాంత్రికుడికి ఓగర్ దుడ్డు తగిలితే, సొమ్మసిల్లడం కాదు, అక్కడికక్కడే చచ్చే అవకాశం 64లో 15. పదో లెవెల్‌కి చేరాక ఒకే దెబ్బలో ఇంత తేడా ఉండదు, ఎందుకంటే పాచికలు ఎక్కువయ్యే కొద్దీ మొత్తం సగటు దగ్గరకు చేరుతుంది. మొదటి లెవెల్లోనే ఎక్కువమంది వీరులు పోవడానికి రాక్షసుల క్రూరత్వం కన్నా పాచికల కొరత ఎక్కువ కారణం.

2024లో సవరించిన డంజన్ మాస్టర్ పుస్తకం ఆ గుంపు గుణకాన్ని తీసేసింది. ఎక్స్‌పీలు కూడుకుంటే చాలు, హెచ్చవేత అక్కర్లేదు. లెక్క తేలికైన మాట నిజమే. కానీ 50, 450 అంకెలనే పట్టుకుని ఉత్త కూడిక చేస్తే ఒక ఓగర్ తొమ్మిది గాబ్లిన్లకు సమానమవుతుంది. మెట్ల లెక్కలో తొమ్మిది గాబ్లిన్లు 45, ఓగర్ 18.

తెర వెనక కూర్చున్న డీఎం దగ్గర దీనికో పాత మందు ఉంది. గాబ్లిన్ పెట్టెలో 7 పక్కన 2డి6 అని రాసి ఉందిగా. రెండు పాచికలు వేస్తే 2 నుంచి 12 వరకు ఏదైనా పడొచ్చు, కాబట్టి 2 హిట్ పాయింట్ల గాబ్లిన్ కూడా నిబంధనల ప్రకారం గాబ్లినే. పొదల్లోంచి దూకిన నాలుగింట్లో రెండింటికి 2, 3 హిట్ పాయింట్లు రాసుకుంటే, అవి దాదాపు తగిలిన ప్రతి దెబ్బకీ పడిపోతాయి. మాంత్రికుడి వంతు వచ్చేసరికి అతను ఇంకా నిలబడే ఉండొచ్చు.